ట్రాన్స్‌ఫర్ రోజు గర్భసంచి కదులుతోంది అన్నారు... తప్పు నాదేనా అక్కా?

ముందు ఆ అమ్మాయి రాసిన ఉత్తరం కొంచెం కుదించి పెడుతున్నా.

"అక్కా, నాకు 33. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఐవీఎఫ్‌లో రెండు ట్రాన్స్‌ఫర్లు (ల్యాబ్‌లో పెంచిన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) అయ్యాయి, రెండూ నెగటివే. రెండోసారి ఫ్రోజెన్ (గడ్డకట్టించి దాచిన పిండం), ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ (ఐదు రోజులు పెరిగిన పిండం), గ్రేడ్ చాలా బాగుందన్నారు. టేబుల్ మీద ఉన్నప్పుడు డాక్టరమ్మ స్క్రీన్ చూసి 'కాంట్రాక్షన్స్ ఉన్నట్టున్నాయి' అని పక్కనున్నావిడతో అన్నారు, నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రమే మూడు గంటలు కార్లో మా ఊరికి వచ్చేశాం, దారంతా పొత్తికడుపు గుంజుతూనే ఉంది. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. పద్నాలుగో రోజు బీటా (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేస్తే నెగటివ్. మా అత్తయ్య 'కుదుపులకి జారిపోయింది, అన్ని మెట్లెక్కితే ఎలా నిలుస్తుంది' అంటున్నారు. ఇప్పుడు మూడోసారికి అటోసిబాన్ అని ఏదో డ్రిప్ పెడతాం, పదిహేను రోజులు మంచం దిగకూడదు అంటున్నారు. నాకు మామూలుగానే పీరియడ్స్‌లో మొదటి రెండ్రోజులు లేవలేనంత నొప్పి, బ్లీడింగ్ కూడా ఎక్కువే. నా గర్భసంచే బిడ్డని బయటికి తోసేసిందా? తప్పు నాదేనా?"

చెల్లీ, ముందు నీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్తా. తప్పు నీది కాదు. కారు కుదుపులదీ కాదు, మెట్లదీ కాదు. నేను డాక్టర్ని కాదు, పదహారేళ్లు ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్‌గా చేశా, అంటే నువ్వు టేబుల్ మీద పడుకున్నప్పుడు పక్కగదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చుని నీ ఎంబ్రియోని, అంటే పిండాన్ని, కేథటర్ అనే సన్నటి గొట్టంలోకి ఎక్కించి చేతికిచ్చే మనిషిని అన్నమాట. నీలాంటి ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కొంతమంది బెడ్ మీంచి లేవడానికి కూడా భయపడుతూ అడిగారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

గర్భసంచి అంటేనే కండరం. గర్భం లేనప్పుడు కూడా అది ఊరికే ఉండదు, లోపలి పొరకి ఆనుకుని ఉండే సన్నటి కండరం అలల్లాగా కదులుతూ ఉంటుంది. పీరియడ్ అయిపోయాక మెల్లగా మొదలై అండం విడుదలయ్యే రోజులకి నిమిషానికి మూడు నాలుగు అలల దాకా వెళ్తుంది, అదీ కింద నుంచి పైకి, ఎందుకంటే వీర్యకణాలు ట్యూబుల వైపు వెళ్లాలి కదా. పీరియడ్స్‌లో దిశ మారిపోతుంది, పై నుంచి కిందకి, రక్తం బయటికి పోవాలి కాబట్టి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది వచ్చి ఈ కండరాన్ని జోకొట్టినట్టు నిద్రపుచ్చుతుంది. మామూలు గర్భంలో పిండం మూడు నాలుగు రోజులు ట్యూబ్‌లోనే గడిపి ఆ తర్వాతే గర్భసంచిలోకి దిగుతుంది, అప్పటికి అక్కడ సద్దుమణిగి ఉంటుంది. ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ పెట్టడంలో ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఈ అలలు మామూలుగా మనకి తెలియవు. నొప్పి ఉండదు. కార్లో నీకు గుంజినట్టు అనిపించిందే, ఆ నొప్పికీ స్క్రీన్ మీద డాక్టరమ్మ చూసిన కదలికకీ నేరుగా ముడిపెట్టకు. ట్రాన్స్‌ఫర్ రోజు పొత్తికడుపు పట్టేయడానికి సవాలక్ష కారణాలు, యూరిన్ నిండా ఆపుకుని పడుకోబెడతారు, లోపలి దారి తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెడతారు, అప్పటికే ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్స్ నడుస్తుంటాయి, వాటివల్ల మలబద్ధకం, గ్యాస్, కడుపు ఉబ్బరం. గుంజుడు వచ్చిన వాళ్లకి పాజిటివ్ రావడం చూశా, ఏమీ తెలియని వాళ్లకి నెగటివ్ రావడమూ చూశా, కాబట్టి నొప్పిని బట్టి రిజల్ట్ చెప్పలేం.

అయితే కాంట్రాక్షన్స్, అంటే ఈ అలలు, ఉత్తుత్తి మాట కూడా కాదు. 1998లో ఫ్రాన్స్‌లో ఫాంషాన్ అనే డాక్టర్ టీమ్ 209 మంది ఆడవాళ్లకి సరిగ్గా ట్రాన్స్‌ఫర్‌కి ముందు ఐదు నిమిషాలు స్కాన్ రికార్డ్ చేసి అలలు లెక్కపెట్టారు. నిమిషానికి మూడు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో 53 శాతం మందికి గర్భం వచ్చింది, ఐదు దాటిన వాళ్లలో 14 శాతమే. తేడా చూడు ఎంతుందో. అదే స్టడీలో ప్రొజెస్టిరాన్ ఎక్కువున్న వాళ్లకి అలలు తక్కువున్నాయి, ఇది నీకు పనికొచ్చే ముక్క, మళ్లీ దీని దగ్గరికి వస్తా. అలలు ఎక్కువుంటే ఛాన్స్ తగ్గుతుంది అన్నది నిజమే గానీ ఐదు దాటిన వాళ్లలో కూడా గర్భాలు వచ్చాయి, అదీ నిజమే.

ఆ టీమ్ ఐదు నిమిషాలు రికార్డ్ చేసి లెక్కపెట్టింది అన్నా కదా, అది ఎందుకు చెప్పానంటే ఈ కదలిక చాలా నెమ్మది, మామూలుగా స్కాన్ ప్రోబ్ పెట్టి ఒక్క చూపు చూస్తే లెక్క తేలదు, ప్రోబ్ కదలకుండా పట్టుకుని కొన్ని నిమిషాలు వీడియో తీసి దాన్ని స్పీడ్ పెంచి చూస్తే అప్పుడు అలలు వరసగా వెళ్లడం స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి నీ డాక్టర్ని మొహమాటం లేకుండా అడుగు: "మేడమ్, ఆరోజు కాంట్రాక్షన్స్ అన్నారు కదా, ఎంతసేపు చూశారు, నిమిషానికి ఎన్ని ఉన్నాయి, ఫైల్లో రాశారా?" అని. లెక్కపెట్టి ఉంటే చెప్తారు. టేబుల్ మీద యథాలాపంగా అన్న మాటైతే దాని మీద ఇంత బెంగ పెట్టుకోనక్కర్లేదు, దాని మీద అంత ఖర్చు కూడా పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు కేథటర్ సంగతి. దీన్ని జనం అసలు పట్టించుకోరు గానీ నా లెక్కలో మెట్లకంటే వంద రెట్లు ముఖ్యం ఇదే. ఇంగ్లండ్‌లో హల్ అనే ఊళ్లో 1998లోనే ఇంకో టీమ్ ఎంబ్రియో లేకుండా స్కాన్‌లో కనిపించే ఒక చుక్క ద్రవాన్ని వాలంటీర్ల గర్భసంచిలో పెట్టి చూసింది. కేథటర్ మెత్తగా వెళ్లి వచ్చినప్పుడు గర్భసంచి పట్టించుకోలేదు. అదే కేథటర్ మొనని కావాలని పైగోడకి తాకిస్తే పెద్ద పెద్ద అలలు లేచాయి, ఏడుగురిలో ఆరుగురికి ఆ చుక్క పెట్టిన చోటు నుంచి జరిగిపోయింది, కొందరికి కిందకి, ఇద్దరికి ట్యూబ్ వైపు. సర్విక్స్‌ని (గర్భసంచి ముఖద్వారాన్ని) పట్టుకునే కొక్కెం లాంటి పరికరం వేసినా అలలు పెరుగుతాయని తర్వాత చూపించారు. అందుకే ఇప్పుడు మెత్తటి కేథటర్, పొట్ట మీద స్కాన్ చూస్తూ పెట్టడం, మొన పైగోడకి సెంటీమీటరు పైనే దూరంలో ఆపడం, ఇవన్నీ పద్ధతిగా వచ్చాయి. యూరిన్ ఆపుకోమనేది కూడా అందుకే, స్కాన్ బాగా కనపడుతుంది, వంగి ఉన్న గర్భసంచి కొంచెం తిన్నగా వస్తుంది.

నా వైపు నుంచి అది ఎలా ఉంటుందో చెప్తా. కేథటర్‌లో మొత్తం ద్రవం ఇరవై ముప్పై మైక్రోలీటర్లు, అంటే ఒక్క చుక్క కూడా సరిగ్గా ఉండదు. ముందు కొంచెం ద్రవం, చిన్న గాలిబుడగ, మధ్యలో ఎంబ్రియో ఉన్న ద్రవం, మళ్లీ చిన్న గాలిబుడగ. కిటికీలోంచి అందిస్తాం, డాక్టర్ పెడతారు, స్క్రీన్ మీద తెల్లగా తళుక్కున మెరుస్తుంది, చాలామంది దాన్నే బిడ్డ అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటారు, నిజానికి అది గాలిబుడగ, ఎంబ్రియో ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు, స్కాన్‌కి కనపడదు. తర్వాత ఆ కేథటర్ వెనక్కి తెచ్చి మైక్రోస్కోప్ కింద కడిగి చూస్తాం, ఎంబ్రియో దానికే అంటుకుని ఉండిపోలేదు కదా అని. ఆ అర నిమిషం నేను ఊపిరి బిగబట్టని రోజు ఒక్కటీ లేదు. "క్లియర్" అని కేక వేశాకే డాక్టర్ స్పెక్యులమ్ తీస్తారు. ఒకసారి కేథటర్ ఎంతకీ లోపలికి వెళ్లక రెండుసార్లు మార్చి చివరికి గట్టి కేథటర్‌తో పెట్టారు, స్క్రీన్ మీద ఆ తెల్లచుక్క నా కళ్లముందే మెల్లగా కిందకి జరిగింది, ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆమెకి అప్పుడు నెగటివ్ వచ్చింది. తర్వాతిసారి ముందు నెలలోనే ఖాళీ కేథటర్‌తో ట్రయల్ చేసి దారి ఎటు వంగిందో రాసుకుని పెట్టారు, ఒక్క నిమిషంలో అయిపోయింది. నెగటివ్‌కి అదే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను, కానీ నీ ట్రాన్స్‌ఫర్లు ఈజీగా అయ్యాయా కష్టంగా అయ్యాయా, కొక్కెం వాడారా, కేథటర్‌కి రక్తం అంటిందా అన్నది నీ ఫైల్లో ఉండాలి, అడిగి తెలుసుకో. మూడోసారికి ముందు ట్రయల్ చేయమని అడగడంలో తప్పులేదు.

ఇక మెట్లు, కారు, మంచం. గర్భసంచి లోపల ఖాళీ గది ఉంటుందని, అందులో బిడ్డ గోలీలాగా దొర్లుతుందని మనందరి ఊహ. అలా ఉండదు. ముందు గోడా వెనక గోడా ఒకదానికొకటి తడిగా అంటుకుని ఉంటాయి, రెండు దోసెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో గసగసాల గింజ పెట్టినట్టు. నువ్వు లేచి నిలబడితే అది జారి కింద పడదు, దగ్గినా పడదు, యూరిన్‌కి వెళ్తే కొట్టుకుపోదు, ఆ దారే వేరు. స్పెయిన్‌లో 240 మంది మీద చేసి 2013లో వేసిన స్టడీలో ట్రాన్స్‌ఫర్ అవగానే పది నిమిషాలు పడుకోబెట్టిన వాళ్లలో 41.6 శాతం మందికి బిడ్డ పుట్టింది, వెంటనే లేచి నడిచి వెళ్లిన వాళ్లలో 56.7 శాతం మందికి. పడుకోబెడితే లాభం లేకపోగా తక్కువే వచ్చింది. అమెరికా ఫెర్టిలిటీ డాక్టర్ల సంఘం కూడా బెడ్ రెస్ట్ వద్దనే రాసింది. పైగా ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతూ రోజుల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఒకటి, మలబద్ధకం ఒకటి, అన్నిటికంటే ఎక్కువ ఆ పదిహేను రోజులూ ఫ్యాన్ వంక చూస్తూ గుండె దడదడలాడుతూ బతకడం. వద్దు చెల్లీ. బరువులు ఎత్తకు, జిమ్ ఆపు, వంట చేసుకో, వీధి చివరిదాకా నడువు, ఆఫీసు ఉంటే వెళ్లు. మెట్లు మెల్లగా ఎక్కు, నీకు ఆయాసం రాకుండా ఉండటానికి, అంతే.

డ్రిప్ గురించి. అటోసిబాన్ నెలలు నిండకుండా వచ్చే కాన్పు నొప్పులు ఆపడానికి తయారుచేసిన మందు, ఆక్సిటోసిన్ పనిచేసే చోట అడ్డుపడి కండరాన్ని శాంతపరుస్తుంది. ఐవీఎఫ్‌లో వాడితే బావుంటుందని మొదట్లో చిన్న స్టడీలు వచ్చాయి, టర్కీలో 180 మంది మీద చేసిన దాంట్లో గర్భం వచ్చినవాళ్లు మందు ఇస్తే 46.7 శాతం, ఇవ్వకపోతే 28.9. అందరం సంతోషించాం, నేనూ ఆశపడ్డా. తర్వాత హాంకాంగ్, చైనా, వియత్నాం కలిపి 800 మంది మీద చేసి 2014లో వేశారు, బిడ్డ పుట్టింది మందు ఇచ్చినవాళ్లలో 39.8 శాతం, ఉత్త సెలైన్ ఇచ్చినవాళ్లలో 38, అంటే తేడా లేనట్టే. అదే కోవలో నోలాసిబాన్ అని మాత్ర ఒకటి వచ్చింది, 2018లో రిజల్ట్ బాగుందన్నారు, 2019లో ఇంకో పెద్ద ట్రయల్‌లో గర్భం నిలిచింది మందు ఇచ్చినవాళ్లలో 39.1 శాతం, ఇవ్వనివాళ్లలో 40.5, అక్కడితో ఆ ముచ్చట ముగిసింది. పదే పదే ఫెయిలైన వాళ్లకి, నిజంగా అలలు ఎక్కువని లెక్క తేలిన వాళ్లకి కొంత ఉపయోగం ఉండొచ్చు అనే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల మాట నేను కొట్టిపారేయను. కానీ లెక్కపెట్టకుండా అందరికీ పెట్టేది మాత్రం నాకు నచ్చదు. మందు ఖరీదు, గంటల తరబడి డ్రిప్, ఆ డబ్బు నువ్వు ఎలా కూడబెట్టావో నీకే తెలుసు. పెట్టించుకుంటే పెద్దగా నష్టం ఉండకపోవచ్చు, పెట్టించుకోకపోతే మాత్రం "అయ్యో ఆ డ్రిప్ పెట్టించుకుని ఉంటే" అని కుమిలిపోకు. మన దగ్గర డువాడిలాన్ మాత్రలు కూడా చాలామందికి రాస్తారు గర్భసంచి కదలకుండా అని, అవి కూడా ఐవీఎఫ్ రిజల్ట్ పెంచుతాయని గట్టి రుజువు ఉన్న మందు కాదు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అసలు వేరే వాక్యం. పీరియడ్స్‌లో లేవలేనంత నొప్పి, బ్లీడింగ్ ఎక్కువ. నువ్వు దాన్ని చివర్లో మామూలు సంగతిలాగా రాసేశావు, మనలో చాలామంది అంతే, "ఆడపుట్టుక అంతే" అని చిన్నప్పుడే చెప్పేస్తారు కదా. చెల్లీ, అది అడెనోమయోసిస్ కావచ్చు, అంటే లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోవడం. నేను ఉందని చెప్పట్లేదు, చూడమంటున్నా. అడెనోమయోసిస్ ఉన్నవాళ్లలో ఇందాక చెప్పిన ఆ లోపలి కండరం మందంగా అయ్యి అలలు ఎక్కువగా, అడ్డదిడ్డంగా ఉంటాయి. ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో కండరపు గడ్డ) ఉన్నా అంతే. జపాన్‌లో 2010లో ఫైబ్రాయిడ్లు ఉండి పిల్లలు లేని 51 మందికి ఎంఆర్‌ఐ వీడియోలాగా తీసి చూశారు, అలలు తక్కువున్న 29 మందిలో 10 మందికి గర్భం వచ్చింది, ఎక్కువున్న 22 మందిలో ఒక్కరికీ రాలేదు. చిన్న స్టడీనే, అయినా మర్చిపోలేను.

కాబట్టి మూడో ట్రాన్స్‌ఫర్ డేట్ ఫిక్స్ చేసుకునే ముందు మంచి ట్రాన్స్‌వెజైనల్ స్కాన్, వీలైతే త్రీడీ, డౌట్ ఉంటే ఎంఆర్‌ఐ చేయించు. ఉందని తేలితే ఫ్రోజెన్ ఎంబ్రియోలు ఎక్కడికీ పోవు, గడ్డకట్టి భద్రంగా ఉంటాయి, ముందు రెండు మూడు నెలలు నెలకొకటి ల్యూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చి గర్భసంచిని శాంతపరిచి ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టే పద్ధతి చాలామంది డాక్టర్లు పాటిస్తారు. ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, చిరాగ్గా ఉంటుంది, ముందే తెలుసుకుని ఉంటే తట్టుకోవచ్చు. వయసు 33 కాబట్టి రెండు మూడు నెలలు ఆగితే నష్టం లేదు.

ప్రొజెస్టిరాన్ దగ్గరికి మళ్లీ వస్తా అన్నా కదా. గర్భసంచిని నిద్రపుచ్చే అసలు మందు అదే. టైమ్ తప్పకుండా పెట్టుకో, ఒక డోసు మర్చిపోతే భయపడకుండా ఫోన్ చేసి అడుగు. ట్రాన్స్‌ఫర్ రోజుకో ముందురోజుకో రక్తంలో ప్రొజెస్టిరాన్ చూస్తారా అని అడుగు, ముఖ్యంగా క్యాప్సూల్స్ ఒక్కటే వాడుతుంటే, కొంతమందికి అవి సరిగ్గా ఒంటపట్టవు, లెవెల్ మిల్లీలీటరుకి పది నానోగ్రాములకి బాగా తక్కువుంటే చాలాచోట్ల ఇంజెక్షన్ కలుపుతారు. చిన్న స్పాటింగ్ కనిపించగానే "అయిపోయింది" అని సొంతంగా ఆపేయకు, బీటా వచ్చేదాకా ఆపొద్దు.

నొప్పి వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు. పీరియడ్స్‌కి వాడే మెఫ్తాల్ స్పాస్ మాత్రం ఇంట్లో ఉంది కదా అని వేసుకోకు, అందులో మెఫెనమిక్ యాసిడ్ ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ తర్వాత ఆ రకం పెయిన్ కిల్లర్లు డాక్టర్ని అడక్కుండా వద్దు. నొప్పి భరించలేనంతగా ఉన్నా, ప్యాడ్లు నిండేంత బ్లీడింగ్ అయినా, జ్వరం వచ్చినా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లు. బీటా పాజిటివ్ వచ్చాక ఒక పక్కే పొడిచినట్టు నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అర్ధరాత్రైనా వెళ్లాలి, ట్యూబ్‌లో నిలిచి ఉండొచ్చు. గర్భసంచిలో పెట్టాక ట్యూబ్‌లోకి ఎలా వెళ్తుంది అనుకోకు, వెళ్తుంది, 1976లో ఐవీఎఫ్‌కి ఆద్యులైన స్టెప్టో, ఎడ్వర్డ్స్ సాధించిన మొట్టమొదటి ఐవీఎఫ్ గర్భం అలా ట్యూబ్‌లోనే నిలిచింది, మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టడానికి రెండేళ్ల ముందు.

అత్తయ్యగారి మాట. ఆవిడ చెడ్డగా అంటున్నారని నేను అనుకోవట్లేదు, ఆవిడ కాలంలో నిలవకపోతే చెప్పుకోడానికి ఉన్న కారణాలు అవే, మెట్లు, బొప్పాయి, ప్రయాణం. కానీ ఆ మాట రోజూ వినాల్సింది నువ్వు, ఆవిడకి జవాబు చెప్పాల్సింది మీ ఆయన. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్లండి, "మెట్లెక్కితే జారిపోతుందా డాక్టర్‌గారూ" అని మీ ఆయన్ని ఆవిడ ముందే అడగమను, జవాబు ఆవిడ చెవినే పడాలి. నేను పనిచేసిన చోట ఇలా అత్తగార్లు చాలామంది వచ్చారు, ఒకావిడ అంతా విని బయటికొచ్చి కోడలి చేతిలో బ్యాగ్ తనే తీసుకుంది, వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసే మెట్లు దిగారు.

స్కాన్ చేయించాక రాయి. ఎంఆర్‌ఐ అయితే రిపోర్ట్‌లో జంక్షనల్ జోన్ అని ఒక చోట ఇందాక చెప్పిన ఆ లోపలి కండరం మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, పన్నెండు దాటితే అడెనోమయోసిస్ అని అనుమానిస్తారు. ఆ అంకె, రెండు ట్రాన్స్‌ఫర్ల నోట్స్ ఫోటో తీసుకుని డాక్టర్ దగ్గర కూర్చో, నాక్కూడా పంపు, డ్రిప్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.